కూల్ రూఫ్ టైల్స్, ఏడేళ్ల తర్వాత: తప్పంతా పిట్టగోడ దగ్గరే

తెల్ల టైల్స్ ఎండను వెనక్కి కొడతాయని కొత్తగా చెప్పక్కర్లేదు. హైదరాబాద్‌లో పది అంతస్తుల ఈ అపార్ట్‌మెంట్ డాబా మీద ఏపీపీ షీటు (నీరు దిగకుండా పరిచే తారు షీటు), దానిపైన ఈ టైల్స్ వేసి ఏడేళ్లయింది. మే నెల మధ్యాహ్నం కూడా చెప్పుల్లేకుండా నడవొచ్చు. కోపమంతా పిట్టగోడ వెంబడి వాటిని వేసిన తీరు మీదే.

మేస్త్రి టైలును గోడకు ఆనించి సిమెంటుతో మూసేశాడు. చూడ్డానికి నున్నగా ఉంది కానీ కొంప ముంచింది అదే. సిమెంటు టైలు వేడి ఒక డిగ్రీ పెరిగితే మీటరుకు సుమారు 0.01 మి.మీ. సాగుతుంది. 20 మీటర్ల డాబాకు రాత్రికీ మధ్యాహ్నానికీ 25 డిగ్రీల తేడా అనుకున్నా 5 మి.మీ. అవుతుంది. ఆ కాస్త చోటు లేక టైల్స్ గోడను తోశాయి. మూడో ఏడు గోడ అడుగున వెంట్రుకంత బీట, ఐదో వానాకాలానికి గోరు దూరేంత. ఈ ఎత్తులో వాన నిలువుగా పడదు, గాలికి గోడనే కొడుతుంది. షీటును గోడపైకి 100 మి.మీ. మాత్రమే ఎక్కించారు, అంచు గోడలోకి దూర్చలేదు. బీటలో దిగిన నీరు షీటు వెనక్కి పోయి, శ్లాబు మీద పాకి, పది అడుగుల అవతల పడగ్గది సీలింగులో మచ్చగా తేలింది. మచ్చకు సరిగ్గా పైన తవ్వితే ఏమీ దొరకలేదు, రెండుసార్లు.

గోడ వెంబడి అడుగు వెడల్పున టైల్స్ తీసి, మూలలో 50 మి.మీ. ఏటవాలుగా మాలు పెట్టాల్సి వచ్చింది. ప్రైమర్ పూర్తిగా ఆరాకే షీటు. కింద తేమ ఉంటే బుడగలు లేస్తాయి. కొత్త షీటు పాతదాని మీదికి 100 మి.మీ., గోడపైకి టైలు మట్టం నుంచి 300 మి.మీ.; అంచు 25 మి.మీ. గాడిలో. టైలుకూ గోడకూ మధ్య 12 మి.మీ. సందు వదిలి, అడుగున ఫోమ్ తాడు, పైన పాలియురెథేన్ సీలెంట్ (సందును మూసే, రబ్బరులా సాగే పదార్థం). ఫోమ్ తాడు మానేస్తే సీలెంట్ అడుగుకూ అంటుకుని, సందు కదిలినప్పుడు చిరుగుతుంది. డాబా మధ్యలోనూ 3 మీటర్లకొక సందు కోశారు. 48 గంటలు నీళ్లు నిలబెట్టి చూశారు. ఆ తర్వాత రెండు వానాకాలాలు పోయాయి, మచ్చ మళ్లీ రాలేదు.

2023లో తెలంగాణ కూల్ రూఫ్ విధానం వచ్చాక కొనేవాళ్లు తెలుపు గురించే అడుగుతున్నారు. ముందు అడగాల్సింది ఈ సందు గురించి.

చెప్పుల్లేకుండా నడవొచ్చన్న మాట కూడా కడిగిన డాబాకే చెల్లుతుంది. పక్కన కట్టడాలు నడుస్తుంటే మార్చికల్లా తెలుపు బూడిద రంగుకు తిరుగుతుంది. సబ్బునీళ్లతోనే కడగాలి, యాసిడ్ సందుల్లోని సిమెంటును తినేస్తుంది.

ఇక్కడ రోజూ బట్టలారేస్తారు, ట్యాంకులు కడుగుతారు. ఇంత తొక్కుడుకు తెల్ల పెయింటు నిలవదు కాబట్టి మళ్లీ అయినా టైల్సే. ఎవరూ ఎక్కని డాబాకైతే పెయింటు చాలు. పాత శ్లాబుకు మాత్రం ఇంజినీరు చూడకుండా వద్దు: టైలూ మాలూ కలిసి 50 మి.మీ. మందమైతే చదరపు మీటరుకు 100 కిలోల బరువు పడుతుంది.