బరంపురం–విశాఖ బస్సు టికెట్ సైటు: సీటు దగ్గరే చిక్కు

బరంపురం నుంచి ఇచ్ఛాపురం, పలాస మీదుగా విశాఖ వెళ్లే ఓ ప్రైవేటు ట్రావెల్స్ వాళ్ల బుకింగ్ సైటు ఇది. పేరుతో పని లేదు, ఇదే మూసలో పోసినవి ఇంకా ఉన్నాయి. చూపు లేనివాళ్లూ, మౌస్ పట్టలేనివాళ్లూ వాడగలరా అని, విండోస్‌లో ఎన్‌వీడీఏతో, ఆండ్రాయిడ్ ఫోనులో టాక్‌బ్యాక్‌తో (రెండూ తెర మీదున్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్లే), ఆ తర్వాత మౌస్ పక్కన పెట్టి ఉత్త కీబోర్డుతో టికెట్ కొని చూశాం. అయిదుకి రెండు మార్కులు.

ఊరు, తేదీ ఎంచుకునేదాకా బాగానే ఉంది. ప్రతి గడికీ లేబుల్ ఉంది. క్యాలెండర్‌లో వెతుక్కోకుండా తేదీ టైపు చేసే వీలూ ఇచ్చారు, మెచ్చుకోవాల్సిందే.

సీట్ల పటం దగ్గర బండి ఆగిపోయింది. ఖాళీవి ఆకుపచ్చ, నిండినవి ఎరుపు, తేడా అంతే. ఆ రెండు రంగులూ విడిగా తెలియనివాళ్లకు బస్సంతా ఒకటే. పైగా ఏ సీటూ బటన్ కాదు, క్లిక్కు తగిలించిన డివ్, అంటే కోడ్‌లో ఓ ఉత్త డబ్బా. అందుకే ట్యాబ్ కొడితే సీట్లన్నిటినీ ఒక్క గెంతులో దాటేసి 'ముందుకు' అన్న బటన్ మీద వాలుతుంది. బాణం కీతో వెళ్తే ఎన్‌వీడీఏ '12', '13', '14' అని అంకెలు చదువుతుంది గానీ ఏది ఖాళీనో, ఏది ఆడవాళ్లకు ఉంచిందో చెప్పదు. డివ్ తీసేసి చెక్‌బాక్సు పెట్టి, దాని లేబుల్‌లో '12, కిటికీ పక్క, కింది బెర్తు, ఖాళీ' అని రాస్తే చాలు. నిండిన సీటుకు 'డిజేబుల్డ్' (ఎంచుకునే వీల్లేదు) అని పెట్టి, పైన ఓ అడ్డగీత గీయాలి. రంగులు తీసెయ్యక్కర్లేదు, చూడగలిగేవాళ్లకు అవీ పనికొస్తాయి.

అయిదు నిమిషాల గడియారం ఇంకో తలనొప్పి. సీటును ఎల్లకాలం పట్టి ఉంచలేరు, నిజమే. కానీ గడువు ముగిసేముందు చెప్పాలి కదా! చెప్పకుండా మొదటి పేజీకి తోసేసి, నింపిన పేర్లూ వయసులూ చెరిపేస్తుంది.

భాష సంగతి ఈ జిల్లాల్లో మామూలుది కాదు. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియా చదువుకున్నవాళ్లకు తెలుగు వింటే అర్థమవుతుంది, చదవడమే కష్టం. చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ వాళ్లకూ అక్కరకొస్తుంది. ఇక్కడ తెలుగు పేజీకి మారినా, పేజీ ఏ భాషలో ఉందో కోడ్‌లో చెప్పే లాంగ్ విలువ 'ఈఎన్' (ఇంగ్లిష్) గానే ఉండిపోయింది. దాంతో ఇంగ్లిష్ గొంతే చదవబోతుంది. కొన్ని గొంతులు తెలుగు అక్షరాలను నోరు మెదపకుండా దాటేస్తాయి. తెలుగు పేజీకి 'టీఈ', ఒడియాకు 'ఓఆర్' అని పెట్టడం ఒక్క వరుస పని. ఎక్కే చోట్ల పట్టికను ఫొటోగా పెట్టారు, దాన్ని మాత్రం ఏ గొంతూ నేరుగా చదవలేదు. మామూలు టెక్స్టుగా మార్చాలి.

గడుల కింది సూచనలు తెలుపు మీద 999999 అనే లేత బూడిద రంగులో ఉన్నాయి. కాంట్రాస్ట్, అంటే అక్షరానికీ వెనకున్న రంగుకీ మధ్య వెలుగు తేడా, 2.85. వెబ్‌సైట్లు అందరూ వాడగలిగేలా ఉండాలని చెప్పే డబ్ల్యూసీఏజీ ప్రమాణాల్లో ఏఏ స్థాయికి మామూలు అక్షరాలకు 4.5 ఉండాలి, 595959 పెడితే 7 వస్తుంది. అక్షరాల సైజు 12 పిక్సెళ్లు, వరుసల ఎత్తు 1.2. ఇంగ్లిష్‌కు అది ఎలాగోలా నడుస్తుందేమో గానీ, తెలుగులో 'ఇచ్ఛాపురం' కింది ఒత్తు తర్వాతి వరుసను గుద్దుకుంటోంది. 16 పిక్సెళ్లు, 1.6 ఎత్తు ఉంటే ఊపిరాడుతుంది. వేళ్లతో పెద్దది చేద్దామంటే కోడ్‌లో తెరకు పేజీని సర్దే వ్యూపోర్టు వరుసలో జూమ్ ఆపేశారు. ఆండ్రాయిడ్ క్రోమ్‌లో అయితే సెట్టింగ్స్, యాక్సెసిబిలిటీకి వెళ్లి జూమ్‌ను బలవంతంగా తెరిచే ఆప్షన్ ఆన్ చేసుకోవచ్చు.

ప్రైవేటు సైటు కదా, మాకెందుకు అనడానికి లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 46వ సెక్షన్‌లో ప్రైవేటు సేవలనూ కలిపే రాశారు.

డబ్బు కట్టాక వచ్చే ఎస్సెమ్మెస్ మాత్రం ఈ సైటు మొత్తంలో చక్కగా చేసిన పని. బస్సు నంబరు, సీటు, ఎక్కే చోటు, డ్రైవర్ ఫోను అన్నీ టెక్స్టులోనే ఉంటాయి. టాక్‌బ్యాక్ తడబడకుండా చదివేసింది. అదే టికెట్ వాట్సాప్‌లో బొమ్మగా కూడా వస్తుంది, దాన్ని తెరవక్కర్లేదు.