‘గట్ క్లీన్’ కిట్లతో జాగ్రత్త: సీసాలో ఉన్నది విరేచనాల మందే

మూడు నెలల్లో పేగులు కొత్తవైపోతాయంటూ ఇన్‌స్టాగ్రామ్‌లోనూ వాట్సాప్ గ్రూపుల్లోనూ తిరుగుతున్న గట్ క్లీన్ కిట్లు కొందామనుకునేవాళ్లు, ఇప్పటికే వాడుతున్నవాళ్లు దయచేసి ఇది చదవండి. ఇంట్లో బీపీ మాత్రలో గుండె మాత్రలో వేసుకునే పెద్దవాళ్లుంటే మరీ ముఖ్యం. కంపెనీ పేరు రాయడం లేదు. ఫిర్యాదు ఇంకా నడుస్తోంది. అయినా ఇలాంటి సరుకు రకరకాల పేర్లతో దొరుకుతోంది, ఒక పేరు గుర్తుపెట్టుకోవడం కంటే లేబులు చదవడం తెలిస్తే ఎక్కువ పనికొస్తుంది.

తణుకులో ఉండే మా పిన్నికి అరవై దాటాయి. చాలాకాలంగా మలబద్ధకం, కడుపు ఉబ్బరం, నీరసం. ఫోనులో ఒక ప్రకటన కనిపించింది. నొక్కితే ప్రశ్నలు. తిన్నాక కడుపు బరువుగా ఉంటుందా, మధ్యాహ్నం నిద్ర ముంచుకొస్తుందా, జుట్టు రాలుతోందా, తీపి తినాలనిపిస్తుందా, నాలుక మీద తెల్లపూత ఉందా? ఇందులో కనీసం రెండింటికి అవుననని మనిషి మన దేశంలో ఉంటాడా? చివర్లో ‘మీ గట్ స్కోరు 34, ప్రమాదంలో ఉన్నారు’ అని ఎర్రక్షరాల్లో వచ్చింది. తర్వాత నేను అన్నిటికీ ‘లేదు’ అని కొట్టి చూశాను. నాకు 41 వచ్చింది, అదే ఎరుపు.

అరగంటలో ‘గట్ కోచ్’ అంటూ ఒకమ్మాయి ఫోన్. మర్యాదగానే మాట్లాడింది. గొట్టం లోపల పాచి పట్టినట్టు పేగు గోడలకు ఏళ్ల తరబడి మలం అంటుకుపోయిందని, అదే విషమై రక్తంలో కలుస్తోందని, షుగరు, ఊబకాయం కూడా దాంతోనే వస్తాయని, ఈ కోర్సుతో అన్నీ తగ్గుతాయని చెప్పింది. మూడు నెలల కిట్ 8,990 రూపాయలు. ఏమేం మాత్రలు వేసుకుంటున్నారని మాత్రం అడగలేదు. పిన్నే బీపీ ఉందని చెబితే, “ఇది నేచురల్ ఆంటీ, ఏ మాత్రతోనైనా వేసుకోవచ్చు” అంది.

పేగు గోడలకు ఏళ్లనాటి మలం అంటుకుని ఉంటుందన్నది పచ్చి అబద్ధం. పేగు లోపలి పొర కణాలు కొద్దిరోజులకొకసారి రాలిపోయి కొత్తవి వస్తూనే ఉంటాయి. కొలొనోస్కోపీ చేసే డాక్టర్లు రోజూ లోపల చూస్తున్నారు, అలాంటి పాచి ఉంటే వాళ్ల కంటపడేది. మరి ‘మా కస్టమరుకి ఇది బయటికొచ్చింది’ అని తాళ్లలా సాగిన నల్లటి వస్తువు ఫొటోలు పెడతారే, అదేమిటంటారా? అలాంటి కొన్ని పొడుల్లో ఇసబ్గోలు పొట్టు, బెంటొనైట్ అనే బంకమట్టి కలుపుతారు. రెండూ నీళ్లు పీల్చుకుని జిగురు కట్టి, పేగు ఆకారంలో సాగి బయటికొస్తాయి. అంటే వాళ్లు అమ్మిన పొడినే తిరిగి చూపించి, చూడండి ఎంత విషం ఉందో అంటారన్నమాట. ఈ తెలివికి మెచ్చుకోవాలి.

కిట్‌లో రాత్రి పూట వేసుకోవాల్సిన పొడి ఒకటి, పొద్దున వేసుకునే క్యాప్సూళ్లు, ఒక ‘డీటాక్స్ టీ’. మొదట్లో పిన్ని సంబరపడింది. పొద్దున్నే మోషన్ సాఫీ, పొట్ట తేలిక, బరువూ తగ్గింది. తర్వాత రోజుకు మూడు నాలుగుసార్లు నీళ్ల విరేచనాలు, మెలిపెట్టే నొప్పి. కోచ్‌కి మెసేజ్ పెడితే వచ్చిన జవాబు ఇప్పటికీ నా దగ్గర ఉంది: “కంగారు పడకండి ఆంటీ, లోపలి టాక్సిన్స్ బయటికొస్తున్నాయి. ఇది హీలింగ్ స్టేజ్. మధ్యలో ఆపితే మళ్లీ మొదటికొస్తుంది.” మోతాదు తగ్గించమనలేదు సరికదా, రెండు గ్లాసుల టీ ఎక్కువ తాగమంది.

కొన్నాళ్లకు కాళ్ల పిక్కలు పట్టేయడం, మెట్లెక్కలేకపోవడం, గుండె దడ. బాబాయి ఆసుపత్రికి తీసుకెళ్తే రక్తంలో పొటాషియం 2.7 ఉంది. 3.5కి తగ్గకూడదు. ఈసీజీలో తేడా కనిపించి వెంటనే చేర్చుకుని సెలైన్‌లో పొటాషియం ఎక్కించారు. డ్యూటీ డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, “ఇంట్లో ఏమైనా పొడులు వాడుతున్నారా?” బాబాయి సీసా తీసుకెళ్లి చూపించాడు.

లేబులు నేను భూతద్దం పెట్టి చదివాను, అక్షరాలు అంత చిన్నవి. ‘స్వర్ణపత్రి’ అని ఉంది. అది మన సునాముఖి, నేలతంగేడు, ఇంగ్లీషు మందుల్లో సెన్నా. తమిళనాడులోని తిరునల్వేలి పేరుతోనే ప్రపంచమంతా అమ్ముడయ్యే ఆకు అది. చెడ్డ మందేమీ కాదు, మలబద్ధకానికి డాక్టర్లూ కొద్దిరోజులకు రాస్తారు. చిన్నపేగు దాటి పెద్దపేగులోకి వెళ్లాక అక్కడి బ్యాక్టీరియా దాన్ని చురుకైన పదార్థంగా మారుస్తుంది, అప్పుడు పేగు కండరాలు బలంగా కదులుతాయి, నీరు లోపలికి పీల్చుకోవడం తగ్గుతుంది. ఇదంతా జరగడానికి 6 నుంచి 12 గంటలు పడుతుంది. రాత్రి వేసుకోమనేది అందుకే, పొద్దున్నే ‘అద్భుతం’ కనిపించేదీ అందుకే. మందుల షాపులో దొరికే సెన్నా మాత్రల మీద వారానికి మించి వాడాలంటే డాక్టర్ని అడగమని ఉంటుంది. వీళ్లు మూడు నెలలు రోజూ వేసుకోవాలని చెప్పారు.

విరేచనాలతో పాటు పొటాషియం పోతుంది. పిన్ని వేసుకునే బీపీ మాత్రలో క్లోర్‌తాలిడోన్ ఉంది, అది మూత్రంలో పొటాషియం పోగొడుతుంది. రెండు వైపులా కారుతుంటే ఎంతకని నిలుస్తుంది? హైడ్రోక్లోరోథయాజైడ్, ఇండపమైడ్, ఫ్యూరోసెమైడ్ ఉన్న మాత్రలు వాడేవాళ్లందరికీ ఇదే ప్రమాదం. గుండెకు డిగాక్సిన్ వాడేవాళ్లకు ఇంకా ఎక్కువ. ఇక తగ్గిన బరువంటారా, అది నీరు, మలం. తిన్నదాంట్లో కొవ్వూ పిండీ చాలావరకు చిన్నపేగులోనే ఒంటికి పట్టేస్తాయి, పెద్దపేగును కడిగినంత మాత్రాన అవి వెనక్కి రావు.

కాబట్టి ఇలాంటివి కొనేముందు లేబుల్లో సెన్నా, సోనాముఖి, స్వర్ణపత్రి, మార్కండిక అన్న పేర్లు వెతకండి, అన్నీ ఒకటే. త్రివృత్ అని ఉంటే అది మన తెగడ. ముసాంబరం అంటే కలబంద పసరు ఎండబెట్టింది. ఇవన్నీ విరేచనకారులే. వెబ్‌సైట్‌లో ముందువైపు ఫొటోలే పెట్టి, వెనకవైపు లేబులు చూపించకపోతే అక్కడే ఆగిపోండి. ‘ప్రొప్రైటరీ బ్లెండ్’ అని ఒక్కముక్క రాసి ఏది ఎంత ఉందో చెప్పకపోయినా అంతే. ఆయుర్వేద మందైతే తయారీ లైసెన్సు నంబరు, దినుసుల వివరాలు లేబుల్ మీద ఉండాలి. ఫుడ్ సప్లిమెంట్ అయితే ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చిన 14 అంకెల నంబరు ఉంటుంది, దాన్ని ఆ సంస్థ ఫోస్కోస్ వెబ్‌సైట్‌లో కొట్టి చూస్తే ఎవరి పేరు మీద ఉందో తెలుస్తుంది. మా పిన్ని సీసా వెనక ‘నాట్ ఫర్ మెడిసినల్ యూజ్’ అని కూడా ఉంది. సప్లిమెంట్లకు ఆ మాట రాయడం తప్పనిసరి. ప్రకటనలో షుగరుకీ ఊబకాయానికీ మందు, సీసా మీద మాత్రం మందు కాదు. ఆ రెండు జబ్బులూ నయం చేస్తామని ప్రకటనలివ్వడాన్ని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టమే నిషేధించింది.

క్యాప్సూళ్ల సంగతి. ‘50 బిలియన్ మంచి బ్యాక్టీరియా’ అన్నారు, ఏ రకమో, అందులో ఏ స్ట్రెయినో (ఉపరకమో) లేదు. ఆ లెక్క తయారైన రోజుదా, గడువు తేదీ దాకా ఉండేదా అన్నదీ లేదు. పార్సిల్ మే నెల ఎండల్లో తిరిగి వచ్చింది, అందులో ఎన్ని బతికున్నాయో ఆ దేవుడికే ఎరుక. అమెరికన్ గ్యాస్ట్రోఎంటరాలజికల్ అసోసియేషన్ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఐబీఎస్ (కడుపునొప్పి, మోషన్ తేడాలు మాటిమాటికీ వచ్చే పేగు సమస్య) లాంటి వాటికి ప్రొబయాటిక్స్‌ను, అంటే ఇలాంటి మంచి బ్యాక్టీరియా మందులను, పరిశోధనల్లో భాగంగా తప్ప మామూలుగా వాడమని చెప్పడానికి తగిన ఆధారాలు లేవంది. కొన్ని ప్రత్యేక సందర్భాల్లో డాక్టర్లు రాస్తారు, అది వేరు.

విరేచనాలు తగ్గడం లేదని పిన్ని రెండోసారి మొత్తుకున్నప్పుడు కోచ్ ఇంకో బేరం పెట్టింది: 200 రకాల ఆహారాల్లో ఒంటికి ఏవి పడవో చెబుతామనే ‘ఫుడ్ ఇంటాలరెన్స్’ రక్తపరీక్ష. దీని జోలికి అస్సలు పోకండి. వాటిలో చాలావరకు కొలిచేది ఐజీజీ యాంటీబాడీలు, అంటే మన రోగనిరోధక వ్యవస్థ తయారుచేసే ఒక రకం ప్రొటీన్లు. మనం తరచూ తినే పదార్థాలకు ఒంట్లో అవి మామూలుగానే ఉంటాయి, తిన్నామనడానికి గుర్తే తప్ప పడలేదనడానికి కాదు. ఐరోపా, కెనడా అలర్జీ నిపుణుల సంఘాలు ఈ పరీక్ష వద్దని ఎప్పుడో చెప్పాయి. మన ఇళ్లలో చేయిస్తే రిపోర్టులో బియ్యం, కందిపప్పు, పెరుగు, చింతపండు వస్తాయి. అవన్నీ మానేసి అరవై ఏళ్ల మనిషి ఏం తినాలి? పాలు పడటం లేదేమోనని అనుమానముంటే దానికి హైడ్రోజన్ బ్రెత్ టెస్ట్ అనే ఊపిరి పరీక్ష ఉంది. గోధుమ తింటే పేగు దెబ్బతినే సీలియాక్ జబ్బేమోనంటే టీటీజీ-ఐజీఏ అనే రక్తపరీక్ష ఉంది, కాకపోతే పరీక్షకు ముందే గోధుమలు మానేస్తే ఫలితం తప్పుగా రావచ్చు.

ఇంతకీ పిన్నికి అసలున్నదేమిటి? ఆసుపత్రిలో టీఎస్‌హెచ్ అనే రక్తపరీక్ష చేస్తే థైరాయిడ్ బాగా తక్కువగా పనిచేస్తోందని తేలింది. మలబద్ధకం, నీరసం, జుట్టు రాలడం అన్నిటికీ అదే మూలం. దానికి తోడు ఎప్పటినుంచో వేసుకుంటున్న ఐరన్ మాత్ర మలాన్ని ఇంకా గట్టిపరుస్తోంది. వందల రూపాయల్లో అయ్యే పరీక్షను వదిలేసి వేల రూపాయల పొడి అమ్మారు. ఇప్పుడు థైరాయిడ్ మాత్ర థైరాక్సిన్ పరగడుపున, ఐరన్ దానికి నాలుగు గంటల దూరంలో, రాత్రి ఇసబ్గోలు. ఇసబ్గోలు నిండు గ్లాసుడు నీళ్లతో వెంటనే తాగాలి, పొడిగా నోట్లో వేసుకుంటే గొంతులోనే ఉబ్బి అడ్డం పడొచ్చు. కోలుకోవడానికి కొన్ని వారాలు పట్టింది, ఎవరూ అద్భుతం చేయలేదు.

కడుపు బాగాలేదంటే కారణం ఇలా ఎక్కడైనా ఉండొచ్చు. షుగరుకు వేసే మెట్‌ఫార్మిన్‌తో కొందరికి ఉబ్బరం, విరేచనాలు వస్తాయి. తిన్నాక మంట, పొట్ట పైభాగంలో నొప్పి తరచూ ఉంటే హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా కావచ్చు. దీన్ని కనుక్కున్న బారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ వచ్చింది. మలపరీక్షతోనో బ్రెత్ టెస్ట్‌తోనో తెలుస్తుంది, యాంటీబయాటిక్స్‌తో నయమవుతుంది. మనలో చాలామంది మాత్రం షాపులో పాంటాప్రజోల్ అనే ఎసిడిటీ మాత్ర కొనుక్కుని ఏళ్లకేళ్లు మింగేస్తుంటారు. దీర్ఘకాలం వాడితే బీ12 తగ్గే అవకాశం ఉంది, మెట్‌ఫార్మిన్‌తోనూ అంతే.

మలంలో రక్తం, తారులా నల్లటి మలం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, నిద్రలోంచి లేపే విరేచనాలు, మింగడం కష్టం కావడం, యాభై దగ్గరపడ్డాక కొత్తగా మోషన్ తీరు మారడం, ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్ ఉండటం: వీటిలో ఏదున్నా చిట్కాలు, కోర్సులు పక్కనపెట్టి గ్యాస్ట్రో డాక్టర్ దగ్గరికే వెళ్లాలి. ‘హీలింగ్ స్టేజ్’ అన్న మాట వింటూ కూర్చుంటే ఈ లక్షణాలే మరుగునపడతాయి.

ఇవేవీ లేకుండా మామూలు మలబద్ధకమే అయితే మన వంటింట్లో సరిపడా సరంజామా ఉంది. తోటకూర, గోంగూర, చిక్కుడు, ములక్కాడ, జామపండు, రాగి అంబలి, పొట్టుతో పప్పులు. బతికున్న బ్యాక్టీరియా కావాలంటే పెరుగు, మజ్జిగ, రాత్రి మజ్జిగ పోసి ఉంచిన చద్దన్నం. ఇడ్లీ పిండి పులిసిందే అయినా ఆవిరిలో ఆ సూక్ష్మజీవులు చచ్చిపోతాయి, కాబట్టి ‘ఇడ్లీ ప్రొబయాటిక్’ అనే రీల్స్ నమ్మకండి. తేలిగ్గా అరుగుతుంది, అది చాలు. పీచు ఒకేసారి పెంచితే ఉబ్బరం ఎక్కువవుతుంది, నెమ్మదిగా పెంచుకోవాలి.

డబ్బు సంగతి: సీలు తీసిన వస్తువు వాపసు తీసుకునేది లేదన్నారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాక తెరవని సీసాల డబ్బు వెనక్కిచ్చారు, మిగతాదానికి, ఆసుపత్రి ఖర్చుకి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తున్నాం. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. ఆర్డర్ మెసేజ్, కోచ్‌తో చాటింగ్, ప్రకటన స్క్రీన్‌షాట్, సీసా నాలుగువైపులా ఫొటోలు దాచుకోండి. ప్రకటనలు రాత్రికి రాత్రే మాయమవుతాయి, మాకు దొరికింది పిన్ని కూతురు యథాలాపంగా తీసి పెట్టుకున్న స్క్రీన్‌షాటే.

ఇప్పటికే నెలల తరబడి ఇలాంటి పొడి వాడుతున్నవాళ్లు ఆపగానే కొన్నిరోజులు మోషన్ కాకపోవచ్చు. ‘చూశారా, మా పొడి లేకపోతే కాదు’ అని వాళ్లు ఫోన్ చేసేది సరిగ్గా అప్పుడే. పేగు తన పనికి అలవాటుపడటానికి కొంత సమయం కావాలి, ఆలోపు ఏం వాడాలో డాక్టరు చెబుతారు. వెళ్లేటప్పుడు సీసా వెంట తీసుకెళ్లండి. బీపీ మాత్రలు వాడేవాళ్లు, పిక్కలు పట్టేస్తున్నవాళ్లు, దడ ఉన్నవాళ్లు మాత్రం రేపటిదాకా ఆగకుండా పొటాషియం పరీక్ష చేయించుకోండి.