హోస్టెడ్ కుబర్నెటిస్, మేనేజ్డ్ కుబర్నెటిస్: రెండూ వాడిన అనుభవంతో ఒక సమీక్ష

తిరుపతిలోని లాడ్జీలకు గదుల బుకింగ్ సాఫ్ట్‌వేర్ అందించే ఒక చిన్న సంస్థలో సర్వర్ల బాధ్యత నాది. మా సాఫ్ట్‌వేర్ కంటైనర్లలో, అంటే దానికి కావలసినవన్నీ కలిపి కట్టిన ప్యాకేజీలలో నడుస్తుంది; ఆ కంటైనర్లను అనేక సర్వర్లపై నడిపి చూసుకునే వ్యవస్థే కుబర్నెటిస్. మేము మొదట ఒక హోస్టెడ్ కుబర్నెటిస్ సేవను, ఆ తరువాత గూగుల్ వారి మేనేజ్డ్ కుబర్నెటిస్ సేవ అయిన జీకేఈ ఆటోపైలట్‌ను వాడాము. మొదటి సేవ ప్రకటనలోనూ ‘మేనేజ్డ్’ అనే రాసి ఉండడంతో, నోడ్ల (కంటైనర్లు నడిచే సర్వర్ల) సంగతి కూడా వారే చూసుకుంటారని నమ్మి చేరాము.

క్లస్టర్‌లో, అంటే ఈ సర్వర్లన్నీ కలిసిన సమూహంలో, ఏ కంటైనర్ ఎక్కడ నడవాలో నిర్ణయించే కంట్రోల్ ప్లేన్ ఒక భాగమైతే, ఆ కంటైనర్లు నడిచే వర్కర్ నోడ్లు మరొక భాగం. హోస్టెడ్ సేవలో కంట్రోల్ ప్లేన్‌లోని భాగాలను, అంటే ఆదేశాలు స్వీకరించే ఏపీఐ సర్వర్, కంటైనర్లకు నోడ్‌ను ఎంచే షెడ్యూలర్, క్లస్టర్ వివరాలన్నీ భద్రపరిచే ఈటీసీడీ, ఇవన్నీ సేవాసంస్థ చూసుకుంటుంది. నోడ్ల ఆపరేటింగ్ సిస్టమ్ ప్యాచ్‌లు, డిస్కులు, ప్రతి నోడ్‌పై కంటైనర్లను నడిపే క్యూబ్‌లెట్ అనే ప్రోగ్రామ్ వెర్షన్ పెంచడం మాత్రం వాడుకునేవారి బాధ్యతే. ఇది చిన్న సాయమని నేననను. మూడు సర్వర్లపై నడిచే ఈటీసీడీలో రెండు పడిపోతే క్లస్టర్ కొత్త మార్పులేవీ స్వీకరించదు. దానిని సొంతంగా కాపాడుకున్నవారికి ఆ భారం తప్పడం ఎంత ఊరటో తెలుసు.

మాకు ఇబ్బంది వైకుంఠ ఏకాదశి ముందురోజు రాత్రి వచ్చింది. మూడు నోడ్లలో ఒకదాని డిస్కు లాగ్ ఫైళ్లతో నిండిపోయి, క్యూబ్‌లెట్ ఆ నోడ్‌పై ‘డిస్క్ ప్రెషర్’ గుర్తు పెట్టి, అక్కడి పాడ్లను (ఒకటి లేదా కొన్ని కంటైనర్లు కలిసిన చిన్న యూనిట్లను) తొలగించడం మొదలుపెట్టింది. మిగిలిన రెండు నోడ్లలో మెమరీ చాలక కొత్త పాడ్లు ‘పెండింగ్’లోనే నిలిచిపోయాయి. కొండ దిగి, గుండ్లతో, సంచులతో వచ్చిన యాత్రికులు ఒక లాడ్జీ రిసెప్షన్ ముందు నేలమీదే కూర్చుని ఎదురుచూస్తుంటే, అక్కడి గుమాస్తా పాత రిజిస్టరు తీసి పేర్లు చేత్తో రాసుకున్నారు. సేవాసంస్థకు ఫిర్యాదు చేస్తే, కంట్రోల్ ప్లేన్ సక్రమంగా ఉందని, నోడ్లు మా బాధ్యతేనని సమాధానం వచ్చింది. ఒప్పందం ప్రకారం అది సరైన మాటే. ఆ విషయాన్ని అమ్మేటప్పుడే స్పష్టంగా చెప్పకపోవడం మాత్రం నాకిప్పటికీ తప్పుగానే తోస్తుంది.

2021లో వచ్చిన ఆటోపైలట్‌లో నోడ్లను సృష్టించడం, ప్యాచ్ చేయడం, వెర్షన్ పెంచడం గూగుల్ పనే. కుబర్నెటిస్ ఏడాదికి మూడు వెర్షన్లు విడుదల చేస్తూ, ఒక్కో వెర్షన్‌కు సుమారు 14 నెలలే ప్యాచ్‌లు ఇస్తుంది కనుక ఈ సౌకర్యం విలువైనది. పాత సేవలో ప్రతిసారీ నోడ్లను ఒక్కొక్కటిగా ఖాళీ చేసి, వెర్షన్ పెంచి, మళ్లీ పనిలోకి తెచ్చేవాళ్లం. ఇప్పుడు రద్దీ లేని వేళను మెయింటెనెన్స్ విండోగా ఎంచుకుంటే చాలు. బ్రహ్మోత్సవాల రోజులను మినహాయింపుగా ముందే నమోదు చేసుకోవచ్చు.

లోపాలూ ఉన్నాయి. నోడ్‌లోకి ఎస్ఎస్‌హెచ్ ద్వారా (దూరం నుంచి లాగిన్ అయ్యి) వెళ్లి చూసే అవకాశం లేదు. నోడ్‌పై పూర్తి (ప్రివిలేజ్డ్) అధికారం కోరే పాడ్లను సాధారణంగా అనుమతించదు కాబట్టి లాగ్‌లు సేకరించే మా పాత ఏజెంట్ ప్రోగ్రామ్‌ను వదులుకోవలసి వచ్చింది. సాధారణ పాడ్లకు బిల్లు అవి కోరిన సీపీయూ, మెమరీల లెక్కన పడుతుంది. అవసరానికి మించి కోరితే, వాడకపోయినా డబ్బు కట్టాలి. మొదటి నెలలో మేము ఒక్కో పాడ్‌కు అడిగిన మెమరీలో సగం కూడా వాడలేదని లెక్క చూశాకే తెలిసింది. ఇద్దరు ముగ్గురితో నడిచే మా వంటి బృందానికి ఆటోపైలటే నా ఎంపిక. నోడ్ల పని తెలిసిన మనుషులు, రాత్రి షిఫ్టు ఉన్న సంస్థకు హోస్టెడ్ సేవ చవకగానూ, స్వేచ్ఛగానూ ఉండవచ్చు. ఒప్పందంపై సంతకం చేసే ముందు నోడ్ డిస్కు నిండితే రాత్రి ఎవరు లేస్తారో రాతపూర్వకంగా అడిగి తీసుకోండి; మేము అడగలేదు.