నాన్నకి పొట్టలో స్టెంట్ వేయించాం: ఆసుపత్రి గురించి నా మాట

కాకినాడలో ఒక ప్రైవేట్ ఆసుపత్రి, పేరు రాయడం లేదు. డాక్టర్ గారి చేతికి ఐదుకి ఐదు, ఇంటికి పంపేటప్పుడు చెప్పిన జాగ్రత్తలకి మాత్రం ఒకటే.

నాన్నకి జీర్ణాశయం చివర, పేగులోకి తెరుచుకునే చోట క్యాన్సర్ గడ్డ దారి మూసేసింది. పొద్దున తిన్న మెతుకులు సాయంత్రం వాంతిలో అలాగే కనిపించేవి. అమలాపురం నుంచి ఎదుర్లంక వంతెన దాటి యానాం మీదుగా వెళ్తున్నంతసేపూ ఒళ్లో బకెట్ వదల్లేదు. ముక్కులోంచి గొట్టం వేసి పొట్ట ఖాళీ చేసి, మర్నాడు ఎండోస్కోపీతోనే, కోత లేకుండా, నికెల్, టైటానియం కలిపి చేసిన వల లాంటి గొట్టం పెట్టారు, స్టెంట్ అంటే అదే. అది ఒకటి రెండు రోజుల్లో మెల్లగా విచ్చుకుంటుందట. మూడో రోజు నాన్న గ్లాసుడు కొబ్బరినీళ్లు తాగి నిలుపుకుంటే అమ్మ ఆ ఖాళీ గ్లాసు పట్టుకుని ఏడ్చేసింది.

డిశ్చార్జి కాగితం మీద తిండి గురించి ఉన్నది 'సాఫ్ట్ డైట్' అన్న రెండు ముక్కలే. మూడు వారాలకి నాన్న నోరు విడిచి అడిగారని అత్తయ్య పనసపొట్టు కూర మెత్తగా ఉడికించి, ఆవపెట్టి తెచ్చింది. మెత్తగానే ఉంది కదా అనుకున్నాం. మర్నాటి నుంచి మళ్లీ వాంతులు. ఎండోస్కోపీ తెర మీద చూపించారు, ఆ వలలో పీచు ఉండకట్టుకుని బిగుసుకుపోయి ఉంది. అది తీసేశాక గానీ గోంగూర, తోటకూర, ములక్కాడ, పీచున్నది ఏదీ వద్దని, కొంచెం కొంచెంగా బాగా నమిలి తినాలని, తిన్న వెంటనే పడుకోకూడదని చెప్పలేదు.

మూడో నెలలో గడ్డే వల కన్నాల్లోంచి లోపలికి పెరిగింది, పాత స్టెంట్‌లోనే ఇంకోటి వేశారు. పైన పూత ఉన్న రకంలో ఇలా పెరగడం తక్కువే కానీ అది జారిపోయే భయం ఎక్కువట. అరుదుగా పేగుకి చిల్లు పడొచ్చు, రక్తం పోవచ్చు, పైత్యరసం దారికి అడ్డొస్తే కామెర్లు రావొచ్చు. అందుకే ఉన్నట్టుండి విపరీతమైన కడుపునొప్పి వచ్చినా, విరేచనం నల్లగా అయినా, కళ్లు పచ్చబడినా ఆగకుండా వెళ్లాలి. ఇవన్నీ రెండోసారి వెళ్లినప్పుడు నేను అడిగి అడిగి రాబట్టినవి.

సన్నపేగుని నేరుగా పొట్టకి కలిపే ఆపరేషన్ ఇంకో దారి అని కూడా అప్పుడే తెలిసింది. స్టెంట్‌తో త్వరగా తినగలుగుతారు, కానీ మళ్లీ మూసుకుపోవడం ఎక్కువ. అందుకే రెండు నెలలకి పైగా బతుకుతారనుకునే వాళ్లకి ఆపరేషనే మేలని 2010లో నెదర్లాండ్స్‌లో వచ్చిన అధ్యయనం చెప్పింది. నాన్న అప్పటికి బాగా నీరసించి ఉన్నారు, బహుశా మేమూ స్టెంట్‌కే సరే అనేవాళ్లమేమో, కానీ ముందే రెండూ మా ముందు పెట్టి ఉండాల్సింది.

చివరికి వార్డులో ఒక సిస్టర్ బిల్లు వెనకాల ఏం తినొచ్చో ఏం కూడదో తెలుగులో రాసిచ్చింది, అది ఇప్పుడు మా ఫ్రిజ్ మీద అంటించి ఉంది. ఆ కాగితాన్నే అచ్చు వేయించి, స్టెంట్ వేసిన ప్రతి మనిషికీ మొదటి రోజే ఇవ్వమని ఆసుపత్రి వాళ్లని అడుగుతున్నాను.