లూకా రోజుకొక అధ్యాయమా, దినపఠనాలా? ఆగమన కాల ధ్యానానికి ఏది మేలు?

క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలతో సాగే ఎదురుచూపు కాలమైన ఆగమన కాలంలో ఇంటి ప్రార్థనకు వాక్యభాగాన్ని ఎంచుకోవడంలో రెండు పద్ధతులు ఎక్కువగా కనిపిస్తాయి. లూకా సువార్తలో 24 అధ్యాయాలున్నాయి గనుక డిసెంబరు 1 నుంచి 24 వరకు రోజుకొక అధ్యాయం చదవడం మొదటిది. కథోలిక శ్రీసభ దివ్యపూజకు నిర్ణయించిన దినపఠనాలను ఇంట్లోనూ అనుసరించడం రెండవది.

మొదటిదానికి పట్టిక అక్కరలేదు, ఆనాటి తేదీయే అధ్యాయం సంఖ్య. క్యారల్స్ బృందంతో తిరిగి అర్ధరాత్రి ఇల్లు చేరేవారికి ఈ సులువు చిన్న విషయం కాదు. అయితే ఈ లెక్క ఆగమన కాలంతో ఎప్పుడో గాని కలవదు. క్రిస్మస్ ఆదివారం వచ్చిన 2022లో ఈ కాలం నవంబరు 27నే మొదలై 28 రోజులు సాగగా, 2023లో డిసెంబరు 3న మొదలై 22 రోజులకే ముగిసింది. అంతకన్నా పెద్ద చిక్కు కథనంలో ఉంది: రెండవ రోజుకే శిశువు పశువుల తొట్టెలో ఉంటాడు, 23న సిలువ, పండుగ ముందునాడు తిరిగి లేచిన యేసు శిష్యులతో నడిచిన ఎమ్మాయు దారి. పుట్టినవాడు ఎందుకు పుట్టాడో తెలిసి పండుగలోకి అడుగుపెట్టడం మంచిదే, కాని ఎదురుచూపుకు అందులో చోటు మిగలదు.

దినపఠనాలు ఆ తొందర పడవు. తొలి దినాలలో యెషయా ప్రవచనాలు, తరువాత బాప్తిస్మమిచ్చు యోహాను, 17న మత్తయి సువార్తలోని యేసు వంశావళి వస్తాయి. ఆ పేర్ల జాబితాను చాలామంది దాటవేస్తారు గాని, తామారు, రాహాబు, రూతు అనే స్త్రీల పేర్ల దగ్గర ఆగితే ఒక సాయంత్రం ధ్యానానికి అదే చాలు. లూకా మొదటి అధ్యాయంలోని 80 వచనాలలో చాలా భాగాన్ని డిసెంబరు 19 నుంచి 24 వరకు పంచారు. మధ్యలో ఆదివారం వస్తే ఆనాటి పఠనం వేరుగా ఉంటుంది. 19న, దూత మాట నమ్మనందుకు యోహాను తండ్రి జెకర్యా మాట పడిపోతుంది. మరియకు దూత వార్త, ఎలీసబెతు ఇంటి పలకరింపు, మరియ స్తోత్రగీతం గడిచాక 23న గాని ఆయన నోరు తెరుచుకోదు. అధ్యాయం మొత్తం ఒకేసారి చదివేవారికి ఆ మౌనం పావుగంటలో తీరిపోతుంది. ఈ పద్ధతిలో దానిని నాలుగు రోజులు మోయాలి.

చిన్నపిల్లలున్న ఇంట్లో ఈ రెండింటికన్నా ఆదివారానికొకటిగా వెలిగించే నాలుగు కొవ్వొత్తుల ఆగమన వలయమే ముందు పనికివస్తుంది. 1839లో జర్మనీలోని హాంబర్గ్‌లో పేద పిల్లల ఆశ్రమం నడిపిన యోహాన్ విఖెర్న్ బండిచక్రం మీద కొవ్వొత్తులు నిలిపింది కూడా, క్రిస్మస్ ఎప్పుడని అడిగే పిల్లల కోసమేనని చెబుతారు.

నా మొగ్గు దినపఠనాల వైపే. అన్ని రోజులూ కుదరనివారు లూకాను 1వ తేదీన ఆరంభించడం కన్నా, 17 నుంచి 24 వరకు ఉన్న ఎనిమిది దినాల పఠనాలను మాత్రమే తీసుకుని, రాత్రి భోజనానికి ముందు ఒకరు చదవగా మిగిలినవారు వినడం మేలు.