సబ్ మీటరు: వాటాలు అద్దెకిచ్చేవాళ్ళకి పనికొస్తుందా?

శ్రీకాకుళంలో కింది వాటా, పై వాటా ఒకే సర్వీసు మీద అద్దెకిచ్చేవాళ్ళకి ఒక వాటా వాడిన కరెంటుని విడిగా కొలిచే 5-30 యాంపుల సింగిల్ ఫేజ్ డిజిటల్ సబ్ మీటరు కొనదగ్గదే. మీద 3200 ఇంపల్స్ (యూనిట్‌కి 3200 మిణుకులు) అని ఉంటే, మిగతావన్నీ ఆపి వెయ్యి వాట్ల నీళ్ళ హీటరు పెట్టి చూడండి: ఎర్రలైటు నిమిషానికి 53 సార్లు మిణుకుమనాలి.

పేచీ న్యూట్రల్‌తోనే, అంటే కరెంటు తిరిగి వెళ్ళే తీగతో. పాత ఇళ్ళల్లో రెండు వాటాలకీ అది కలిపేసి ఉంటుంది. న్యూట్రల్ కరెంటు కూడా కొలిచే రకమైతే లెక్క తప్పుతుంది, మీటరు మీది ఎర్త్ లైటు వెలుగుతూనే ఉంటుంది. ముందు ఎలక్ట్రీషియన్‌తో విడదీయించండి.

స్లాబు (యూనిట్లు పెరిగేకొద్దీ రేటు పెరిగే మెట్టు) తగువు మాత్రం మీటరు తీర్చలేదు. రెండు వాటాల యూనిట్లూ కలిసి పై స్లాబుకి ఎక్కుతాయి. మొత్తం బిల్లుని మొత్తం యూనిట్లతో భాగించిన రేటే ఇద్దరికీ వేస్తామని అగ్రిమెంటులో రాయించండి. నీళ్ళ మోటారు సంగతీ అందులోనే తేల్చేయండి.