2023 జట్టా, 2025 జట్టా? మన అండర్-19 అమ్మాయిల్లో ఏది మేలు?

అండర్-19 మహిళల టీ20 ప్రపంచకప్ ఇప్పటికి రెండుసార్లు జరిగింది, రెండుసార్లూ మనమే గెలిచాం. ఇక రెండింట్లో ఏ జట్టు గొప్పదని అడిగితే ఎక్కువమంది ఆలోచించకుండా 2025 అనేస్తారు. అంకెలు చూస్తే అనక ఏం చేస్తారు? మలేషియాలో ఏడు మ్యాచ్‌లు ఆడి ఏడూ గెలిచారు, వెస్టిండీస్ 44కే ఆలౌట్, మలేషియా 31కే ఆలౌట్, ఫైనల్లో దక్షిణాఫ్రికా 82కే ఆలౌట్. టోర్నీ మొత్తంలో మన మీద వంద దాటింది ఒక్క ఇంగ్లండే, అదీ సెమీస్‌లో 113. 2023 జట్టు మాత్రం మధ్యలో ఒకటి ఓడిపోయింది. గ్రూప్ మ్యాచ్‌ల తర్వాతి దశ సూపర్ సిక్స్‌లో ఆస్ట్రేలియా మీద 87కే కుప్పకూలింది, ఏడు వికెట్ల తేడాతో చిత్తయింది.

కానీ ఆ ఓటమి దగ్గరే నాకు 2023 మీద గౌరవం మొదలవుతుంది. అంత దారుణంగా ఓడాక మళ్లీ వచ్చి శ్రీలంకను 59 దగ్గర ఆపేశారు (పార్శవి చోప్రా లెగ్‌స్పిన్‌తో ఐదు పరుగులిచ్చి నాలుగు వికెట్లు తీసింది), సెమీస్‌లో న్యూజిలాండ్‌ను, ఫైనల్లో ఇంగ్లండ్‌ను కొట్టారు. ఇంకో మాట, ఆ టోర్నీలో మన మొదటి మ్యాచే అసలు పరీక్ష. ఆతిథ్య దక్షిణాఫ్రికా 166 కొట్టింది, అండర్-19 అమ్మాయిల క్రికెట్‌లో అది కొండంత స్కోరు. షెఫాలీ వర్మ 16 బంతుల్లో 45, శ్వేతా సెహ్రావత్ అవుట్ కాకుండా 92 కొట్టేసరికి ఇంకా 21 బంతులు మిగిలుండగానే ముగించేశారు. 2025 జట్టుకు అలాంటి ఛేజ్ చేయాల్సిన అవసరమే రాలేదు, వస్తే ఏం చేసేదో మనకు తెలీదు. శ్రీలంక మీద కాస్త పరీక్ష ఎదురైతే 118 దగ్గర తొమ్మిది వికెట్లు పడిపోయాయి, అందులో ఓపెనర్ గొంగడి త్రిష ఒక్కతే 49. బౌలర్లు గట్టిగా నిలబడి శ్రీలంకను 58కి కట్టేశారు కాబట్టి ఆ బలహీనత ఎవరికీ గుర్తులేదు.

ఇక 2025ను సమర్థించేవాళ్ల దగ్గర ఒక గట్టి పాయింట్ ఉంది, దాన్ని కొట్టిపారేయలేం. 2023లో కెప్టెన్ షెఫాలీ, కీపర్ రిచా ఘోష్ ఇద్దరూ అప్పటికే సీనియర్ జట్టు తరఫున ప్రపంచకప్‌లు ఆడినవాళ్లు. షెఫాలీకి 19 నిండిందే ఫైనల్ ముందు రోజు, టోర్నీ మొదలైనప్పుడు ఇంకా నిండలేదు కాబట్టి రూల్ ప్రకారం అంతా కరెక్టే, కానీ మెల్‌బోర్న్ గ్రౌండ్లో టీ20 ప్రపంచకప్ ఫైనల్ ఆడొచ్చిన అమ్మాయి స్కూల్ వయసు బౌలర్ల మీద విరుచుకుపడుతుంటే అది సమాన పోటీ అనిపించదు, యూఏఈ మీద 34 బంతుల్లో 78 కొట్టిన రోజు నాకైతే ప్రత్యర్థుల మీద జాలేసింది. 2025లో కెప్టెన్ నికీ ప్రసాద్ జట్టుకు అలాంటి అండ లేదు. సీనియర్ జట్టుకు ఆడినవాళ్లు ఒక్కరూ లేరు, ఉన్న అనుభవం అంతా 2023లో ఆడిన త్రిష, షబ్నమ్, సోనమ్ యాదవ్‌లదే.

బౌలింగ్‌లో తేడా ఇంకా ఆసక్తికరం. 2025లో మన బలమంతా ముగ్గురు ఎడమచేతి స్పిన్నర్లు. వైష్ణవి శర్మకు 17 వికెట్లు (మలేషియా మీద హ్యాట్రిక్‌తో పాటు ఐదు పరుగులకు ఐదు వికెట్లు), ఆయుషి శుక్లాకు 14, వాళ్లకు తోడు పరుణికా సిసోడియా. ఒకే రకం బౌలర్లు ముగ్గురుంటే ఏ బ్యాటరైనా అలవాటు పడిపోవాలి నిజానికి, కానీ కౌలాలంపూర్ పిచ్‌ల మీద ఎవరికీ అంత టైమ్ దొరకలేదు. పైగా ఫైనల్ జరిగిన బయూమాస్ ఓవల్ మన వాళ్లకు కొత్తేం కాదు, 2024 డిసెంబర్‌లో అక్కడే అండర్-19 ఆసియా కప్ గెలిచారు. 2023 జట్టులో మాత్రం వెరైటీ ఉంది, టిటాస్ సాధు పేస్, అర్చనా దేవి ఆఫ్‌స్పిన్, పార్శవి లెగ్‌స్పిన్, మన్నత్ కశ్యప్ ఎడమచేతి స్పిన్. పోచెఫ్‌స్ట్రూమ్ ఫైనల్లో టిటాస్ నాలుగు ఓవర్లకు ఆరే పరుగులిచ్చి రెండు వికెట్లు తీసింది, ఇంగ్లండ్ 68కి ముగిసింది. ఏ దేశంలో, ఏ పిచ్ మీద ఆడినా పనికొచ్చే బౌలింగ్ అంటే అదీ.

మన భద్రాచలం అమ్మాయి గొంగడి త్రిషను ఏ పక్షాన పెట్టాలో మాత్రం నాకు అర్థం కాదు. 2023 ఫైనల్లో 69 లక్ష్యానికి 24 కొట్టింది, రెండేళ్ల తర్వాత ఫైనల్లో మూడు వికెట్లు తీసి అవుట్ కాకుండా 44 కొట్టింది. స్కాట్లాండ్ మీద 59 బంతుల్లో 110, ఈ ప్రపంచకప్ చరిత్రలో అదే మొదటి సెంచరీ. మొత్తం 309 పరుగులతో, 2023లో శ్వేత పెట్టిన 297 రికార్డు కూడా దాటేసింది. 2025 బ్యాటింగ్ నుంచి త్రిషను, ఆమెతో ఓపెనింగ్ చేసిన కమలినిని తీసేస్తే మిగిలేది ఏమిటని అడిగితే నాకు జవాబు తోచదు. కోచ్‌ను బట్టి తేలుద్దామన్నా కుదరదు, రెండుసార్లూ నూషిన్ అల్ ఖదీరే, 2005లో అదే దక్షిణాఫ్రికాలో ప్రపంచకప్ ఫైనల్ ఓడిన మన సీనియర్ జట్టులో సభ్యురాలు.

నా మటుకు నేను అడిగిన ప్రశ్నను బట్టి జవాబు మారుస్తాను. అండర్-19 జట్టుగా, అంటే పిల్లలు పిల్లలతో ఆడి గెలవడం అన్న లెక్కలో 2025దే పైచేయి, అందులో నాకు అనుమానం లేదు. కానీ రెండు జట్లనూ ఎదురెదురుగా నిలబెట్టి ఒక్క మ్యాచ్ పెడితే మాత్రం 2023నే ఎంచుకుంటాను. పిచ్ బాగా నెమ్మదిగా తిరిగేదైతే తప్ప. అప్పుడు కూడా షెఫాలీ ఆరు ఓవర్లు నిలబడకపోతేనే.